విమానయాన ప్రవర్తకుడు జె. ఆర్. డి. టాటా

విమానము ధనవంతుల వాహనమని మనలో పెక్కుమంది తలంపు. జనగామ పొలముల మీదుగను, మహబూబాబాదు చెరువుల మీదుగను, భూపాలపల్లి అడవుల మీదుగను విమానము పోవునపుడు మన బాలురు తలలెత్తి చూతురు. ఆ ధ్వని సన్నగిల్లిన పిమ్మట మరల తమ ఆటలలో పడుదురు. అది ఎక్కడనుండియో వచ్చి ఎక్కడికో పోవునదే కాని తమ యూరికి దిగునది కాదని వారి నమ్మకము. అయినను మన దేశమున విమానమార్గము మొదట ఏర్పడినది రాజుల విహారమునకు కాదు. దూరదేశము నుండి వచ్చిన ఉత్తరములను వేళకు చేర్చుటకై, రెండు చిన్న విమానములతోను, వ్రేళ్లపై లెక్కింపదగిన పనివారితోను అది ఆరంభమైనది. దానిని నెలకొల్పిన జహంగీరు రతన్‌జీ దాదాభాయి టాటా జీవితమును ఈ సంచిక యందు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా విన్నవింప నుద్దేశించితిమి.

ఈయన గొప్ప కర్మాగారములకు అధిపతియై గడించిన కీర్తిని లోకమెరుగును. దానిని గూర్చి మేమిచట విస్తరింపము. చిన్నపనిని వేళతప్పక చేయుటయే పెద్దపనికి పునాది యనుటకు ఈయన నడపిన విమానమార్గము మంచి నిదర్శనము. ఆ భాగమునే ముఖ్యముగా చెప్పెదము.

బాల్యము

జె. ఆర్. డి. టాటా 1904వ సంవత్సరము జూలై 29వ తేదీన ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిసు నగరమున జన్మించెను. తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా పారసీకుడు. జంషెడ్జీ టాటాకు దగ్గర బంధువు. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. వివాహానంతరము సూనీ అను పేరు దాల్చినది. ఇట్లు రెండు దేశముల సంస్కారములును ఈ బాలునకు ఇంటనే లభించెను. చదువు కొంతకాలము ఫ్రాన్సులోను, కొంతకాలము బొంబాయిలోను సాగెను.

ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరమున ఆర్దెలో అను సముద్రతీర గ్రామము కలదు. వేసవిలో టాటా కుటుంబమువారు అచట నివసించుచుండిరి. 1909వ సంవత్సరమున ఇంగ్లీషు ఛానెలును విమానముపై మొట్టమొదట దాటిన బ్లేరియో యొక్క గృహము వారి ఇంటికి సమీపముననే యుండెను. ఇసుకతిన్నెలపై విమానములు దిగుటయు, లేచుటయు ఈ బాలుడు కన్నులార చూచుచుండెను. పదునైదవ యేట విమానమెక్కి కొద్దిసేపు విహరించు భాగ్యము కలిగెను. ఎప్పటికైనను తానే విమానము నడపవలెనను కోరిక నాడే ఆయన మనస్సున నాటుకొనెను.

ఫ్రెంచి పౌరుడగుటచే ఆ దేశపు సైన్యమున ఒక సంవత్సరము సేవ చేయవలసివచ్చెను. తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదువవలెనని ఆశించెను గాని, తండ్రి పిలుపు నందుకొని 1925వ సంవత్సరము డిసెంబరు మాసమున బొంబాయి చేరి, టాటా సంస్థలో జీతములేని శిక్షణార్థిగా ప్రవేశించెను. మరుసటి యేడే తండ్రి గతించెను. ఇరువది రెండేండ్ల వయస్సున కుటుంబభారమును, సంస్థలో బాధ్యతయు ఆయనపై పడెను. విశ్వవిద్యాలయపు పట్టము లేదను కొరత ఆయనను చాలకాలము బాధించెను. ఆ కొరతను సొంతచదువుచే తీర్చుకొనుటకు ఆయన పూనుకొనెను. పరీక్షలో తప్పినవారును, పై చదువునకు పోజాలనివారును ఈ సంగతిని గమనింతురు గాక.

విమానవిద్య

బొంబాయి నగరమున విమానవిద్యాసంఘ మేర్పడగానే టాటా అందు చేరెను. 1929వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన ఆయనకు విమానము నడపుటకు అనుమతిపత్రము లభించెను. భారతదేశమున ఇచ్చిన అట్టి పత్రములలో దాని సంఖ్య 1.

ఆ దినములలో ఆగాఖాను ఒక బహుమానమును ప్రకటించెను. ఇంగ్లాండు నుండి ఇండియాకు గాని, ఇండియా నుండి ఇంగ్లాండునకు గాని ఒంటరిగా విమానము నడపుకొని పోయిన మొదటి భారతీయునకు 500 పౌనులు చెల్లునని దాని సారాంశము. 1930వ సంవత్సరము మే మాసమున టాటా కరాచీ నుండి పడమరగా బయలుదేరెను. ఆస్పీ ఇంజినీరు అను యువకుడు ఇంగ్లాండు నుండి తూర్పుగా వచ్చుచుండెను. ఈజిప్టు దేశమందలి అబూకీరు విమానాశ్రయమున ఇరువురును కలిసికొనిరి. ఆస్పీ విమానమునకు స్పార్కు ప్లగ్గులు చెడి, ముందునకు పోవు దారిలేక నిలిచియుండెను. టాటా తన యొద్దనున్న అదనపు ప్లగ్గులను ప్రతిపక్షి చేతికిచ్చెను. వారిరువురును తమ తమ దిక్కుల సాగిపోయిరి. స్వల్పమైన వ్యవధితో ఆస్పీ ముందుగా గమ్యము చేరి బహుమానము గెలుచుకొనెను.

ప్లగ్గులు ఇయ్యకున్నచో గెలుపు టాటాదే యై యుండెడిది. అయినను ఆయన దీనికై విచారించినట్లు ఎవ్వరును చెప్పలేదు. ఆ యువకుడు తరువాత భారత వైమానిక దళమున చేరి, 1960 నుండి 1964 వరకు ఆ దళమునకు ప్రధానాధిపతియై వెలుగొందెను. ఆటస్థలమున పందెములాడు మన బాలురకు ఇంతకంటె చక్కని పాఠము వేరొకటి యుండదు.

తపాలా విమానము

అప్పటికి లండను నుండి వచ్చు విమానతపాలా కరాచీ వరకు మాత్రమే చేరుచుండెను. అచటినుండి బొంబాయికిని, మద్రాసునకును రైలుబండిపై పోవలెను. విమానముపై వేల మైళ్లు వచ్చిన ఉత్తరము మిగిలిన దారిలో నత్తనడక నడచుచుండెను. ఈ లోపమును నెవిల్ విన్సెంటు అను విమానచోదకుడు గుర్తించెను. ఈయన పూర్వము బ్రిటిషు వైమానిక దళమున పనిచేసినవాడు. కరాచీ నుండి మద్రాసు వరకు తపాలా విమానములు నడుపుదమని ఆయన 1929వ సంవత్సరమున టాటాతో ఆలోచించెను. టాటా సంస్థ పెద్దలు 2 లక్షల రూపాయల పెట్టుబడికి సమ్మతించిరి. ప్రభుత్వము మాత్రము ధనసహాయమునకు ఒప్పుకొనలేదు. ఉత్తరప్రత్యుత్తరములతో మూడేండ్లు గడచెను. తుదకు సహాయము లేకయే మార్గమును నడుపుదుమని టాటా సంస్థవారు ఒడబడిక చేసికొనిరి.

1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీ ఉదయమున టాటా కరాచీలోని ద్రిగ్ రోడ్డు విమానాశ్రయము నుండి పుస్‌మోత్ అను చిన్న విమానమున ఒంటరిగా బయలుదేరెను. తపాలాసంచుల బరువు 55 పౌనులు, అనగా 25 కిలోగ్రాములు. అహమ్మదాబాదులో దిగినపుడు పెట్రోలు డబ్బాలు ఎద్దులబండిపై వచ్చెను. మధ్యాహ్నమునకు ఆయన బొంబాయిలోని జుహూ మైదానమున దిగెను. అచటినుండి విన్సెంటు మద్రాసు సంచులను తీసికొని పోయి, ఆ రాత్రి బళ్లారిలో విశ్రమించి, మరునాడు మద్రాసు చేరెను.

బళ్లారి పేరు మన పాఠకులు గమనింపవలెను. అది దత్తమండలములలోనిది, నాడు మద్రాసు రాజధానిలో చేరియుండెను, తెలుగును కన్నడమును రెండును వీధులలో వినవచ్చు ఊరు. కావున మన దేశపు మొదటి విమానమార్గము తన మొదటి రాత్రిని గడపినది తెలుగువారును నివసించు పట్టణముననే.

ఆ మార్గము పొడవు సుమారు 1300 మైళ్లు. దానిని నడపిన సాధనములు ఎంత స్వల్పములో వినుడు. జుహూ మైదానమున వారి కార్యాలయము తాటాకు కొట్టము. విమానములలో రేడియో లేదు. చోదకుడు దేశపటమును, దిక్సూచిని, క్రింద కనబడు రైలుపట్టాలను, నదులను చూచుకొని పోవలెను. వానకాలమున జుహూ నేల బురదయై విమానము దిగుటకు పనికిరాకుండెను. అపుడు మకామును పూనా నగరమునకు మార్చుచుండిరి. పడమటి కనుమలపై మబ్బులు కమ్మినపుడు త్రోవ కానరాదు. ఇట్టి స్థితిలో గూడ మొదటి సంవత్సరమున ఒక్క పర్యాయమైనను వేళ తప్పలేదు. ప్రభుత్వపు విమానయాన శాఖవారి నివేదికయే దీనిని మెచ్చుకొనెను. ఆ యేట విమానములు నడచిన దూరము 1,60,000 మైళ్లు; ఎక్కిన ప్రయాణికులు 155 మంది; లాభము 60,000 రూపాయలు. మనుష్యులు కొద్దిమంది, ఉత్తరములు విస్తారము. అయినను ఆ మార్గము నిలిచెను. నమ్మి ఉత్తరము వేసినవానికి అది చెప్పిన దినమున చేరుటయే దానికి కారణము.

హైదరాబాదు రాజ్యమున

క్రమముగా ఈ మార్గమున హైదరాబాదును చేరెను. 1938వ సంవత్సరము నాటికి టాటావారి విమానములు కరాచీ నుండి బొంబాయి, హైదరాబాదు, మద్రాసు, తిరుచిరాపల్లి మీదుగా కొలంబో వరకు పోవుచుండెను. ఆ యేడే టాటా ముప్పదినాలుగేండ్ల వయస్సున కుటుంబ సంస్థ లన్నిటికిని అధ్యక్షుడాయెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945వ సంవత్సరమున నిజాము ప్రభుత్వ రైల్వేయు, టాటావారి విమానసంస్థయు కలిసి దక్కను ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించెను. దానికి బేగంపేట కేంద్రము. యుద్ధమున వాడి విడిచిన డకోటా విమానములు దాని సాధనములు. హైదరాబాదును మద్రాసు, బెంగుళూరు, ఢిల్లీ మొదలగు నగరములతో అది కలిపెను. వరంగల్లు చెంత మామునూరున నిజాము కాలపు విమానాశ్రయ మొకటి యుండెను. నాడు మహబూబాబాదు వరంగల్లు జిల్లాలోనిదే. స్త్రీలకు విమానచోదకత్వము తగదని పలు సంస్థలు ప్రేమ్ మాథుర్ అను వనితను త్రోసిపుచ్చగా, ఆమెకు ఉద్యోగమిచ్చినది ఈ దక్కను ఎయిర్‌వేసే. ఇది మన ప్రాంతమునకు గర్వకారణము.

ఇంతలో 1946వ సంవత్సరమున టాటా ఎయిర్‌లైన్సు ఎయిరిండియా యని పేరు మార్చుకొనెను. 1948వ సంవత్సరము జూన్ 8వ తేదీన దాని విమానము బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు బయలుదేరెను. పదునారేండ్ల క్రిందట కరాచీ నుండి లండను ఉత్తరములను మోసిన సంస్థ ఇప్పుడు లండనునకే ప్రయాణికులను గొనిపోయెను.

పోగొట్టుకొనుట

యుద్ధానంతరము డకోటాలు చౌకగా దొరకుటచే ఎందరో విమానసంస్థలు స్థాపించిరి. ప్రయాణికులు తక్కువ, సంస్థలు ఎక్కువ. అనుమతులు విచ్చలవిడిగా ఇచ్చినచో అందరును నష్టపడుదురని టాటా ప్రభుత్వమును ముందుగనే హెచ్చరించెను. ఆయన చెప్పినట్లే జరిగెను. 1953వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన ప్రభుత్వము విమానసంస్థల నన్నిటిని తన వశము చేసికొనెను. దక్కను ఎయిర్‌వేస్ మొదలగు ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమాయెను. విదేశములకు పోవు ఎయిరిండియా వేరుగా నిలిచెను.

ఈ విధానము టాటాకు సమ్మతము కాదు. తాను పెంచిన బిడ్డను పరులచేతి కప్పగించినట్లు ఆయనకు తోచియుండును. అయినను ప్రభుత్వము కోరగా ఎయిరిండియాకు అధ్యక్షుడుగా నుండుట కంగీకరించి, జీతము పుచ్చుకొనక, ఇరువది యైదేండ్లు సేవచేసెను. తనది కాని సంస్థను తనదానివలె చూచుకొనుట ఎంత కష్టమో పెద్దలెరుగుదురు. ఆయన విమానమెక్కినపుడు ఆసనముల గుడ్డను, తెరలను, భోజనపు రుచిని, మరుగుదొడ్డి శుభ్రతను స్వయముగా పరీక్షించి, లోపములను కాగితముపై వ్రాసి పంపుచుండెను. దుమ్ముపట్టిన బల్లను చూచినచో తానే తుడుచుట కలదు. అధ్యక్షుడు దుమ్ము తుడుచుట చూచిన ఉద్యోగి మరునాడు బల్లను దుమ్ముతో విడువడు గదా!

1978వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున నాటి ప్రభుత్వము ఆయనను ఆ పదవి నుండి తొలగించెను. నలుబది యైదేండ్లకు పైబడిన సంబంధ మొక్కసారిగా తెగెను. ఆయన మిగుల నొచ్చుకొనెను గాని సేవచేయుట మానలేదు. 1982వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన, డెబ్బది యెనిమిదేండ్ల ప్రాయమున, పాతకాలపు చిన్న విమానము నొకదానిని నడపుకొని మరల కరాచీ నుండి బొంబాయికి ఒంటరిగా వచ్చెను. యువకులలో సాహసమును, ఆశను మేల్కొల్పుటకే ఆయన ఆ వయస్సున ఈ శ్రమకు పూనుకొనెను.

ఎయిరిండియాకు బయట గూడ ఈయన కృషి విశాలమైనది. బొంబాయిలోని టాటా స్మారక క్యాన్సరు ఆసుపత్రి 1941వ సంవత్సరమునను, హోమీ భాభా పర్యవేక్షణమున టాటా విజ్ఞాన పరిశోధన సంస్థ 1945వ సంవత్సరమునను ఈయన అధ్యక్షతా కాలముననే వెలసినవి. 1992వ సంవత్సరమున భారతరత్న బిరుదము లభించెను. 1993వ సంవత్సరము నవంబరు 29వ తేదీన జెనీవా నగరమున ఆయన పరమపదించెను. దేహమును జన్మస్థలమగు పారిసులో ఖననము చేసిరి. 2022వ సంవత్సరము జనవరి 27వ తేదీన ఎయిరిండియా మరల టాటా సంస్థ చేతికి వచ్చెను. దానిని చూచుటకు ఆయన లేడు.

మనకేమి?

ఇంతవరకు చదివిన తలిదండ్రులు, దీనివలన మన గ్రామములకేమి యని యడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కనడా, అలాస్కా ప్రాంతముల ఉత్తర భాగమున రోడ్డులేని పల్లెలకు నేటికిని ఉత్తరములు, మందులు, ఉపాధ్యాయులు చేరునది చిన్న విమానములపైననే. మన దేశపు ఈశాన్య సరిహద్దు కొండలలోని జనులకు బియ్యపు మూటలు డకోటాల నుండి జారవిడిచిన కాలము కలదు. ఆ ప్రాంతపు చిన్న ఊళ్లకొరకై 1981వ సంవత్సరమున వాయుదూత్ అను సంస్థ యేర్పడెను. నష్టములు భరింపలేక 1990 తరువాతి దశాబ్దమున అదియు అంతరించెను.

ఇక మన చెంతనే చూడుడు. 2023వ సంవత్సరము జూలై మాసమున మోరంచవాగు పొంగి భూపాలపల్లి చెంతనున్న మోరంచపల్లి గ్రామమును ముంచివేసినపుడు, రోడ్లన్నియు తెగిపోగా, ప్రాణములు రక్షించుటకు పడవలును హెలికాప్టరులును రావలసివచ్చెను. ఆనాడు మిద్దెలపై నిలిచి ఆకసమువైపు చూచినవారు విమానమును ధనవంతుల వాహనమని తలంచియుండరు.

టాటా ప్రభుత్వ సహాయము లేకయే తన మార్గమును నిలిపెను. అయితే ఆయన మోసినది పెద్ద నగరముల తపాలా. పదిమంది మాత్రమే ఎక్కు చిన్న ఊరి విమానమునకు పెట్రోలు ఖర్చు తగ్గదు. చోదకుని జీతము తగ్గదు. టిక్కెట్ల రాబడి మాత్రము తగ్గును. అందుచే అట్టి మార్గములకు ప్రజాధనపు ఆసరా అవసరమని వాయుదూత్ కథ నేర్పుచున్నది. 2017వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన ఉడాన్ పథకము క్రింద హైదరాబాదు నుండి కడపకును, నాందేడుకును చిన్న విమానములు బయలుదేరినపుడు ప్రభుత్వము ఈ పాఠమును గ్రహించినట్లు తోచెను. దశాబ్దముల పాటు నిరుపయోగముగ నుండిన మామునూరు విమానాశ్రయమును మరల అభివృద్ధి చేయుటకు 2025వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము అనుమతించెను. అది కేవలము వ్యాపారుల సౌకర్యమునకై యుండునో, లేక భూపాలపల్లి అడవిపల్లెలోని రోగికిని, మహబూబాబాదు మిరప రైతునకును గూడ ఏదో యొక మేలు చేకూర్చునో, దానిని నడపువారి మనస్సును బట్టి యుండును. ఆ మేలును అడుగుట మన హక్కు. దానిని నడపుటకు తగినవారిని తయారుచేయుట మన పాఠశాలల ధర్మము.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఆ మైదానమున యంత్రశిల్పులుగను, చోదకులుగను, తపాలా సంచులు మోయువారుగను పనిచేయవచ్చును. మీ పని చిన్నదని తక్కువగా చూడకుడు. బళ్లారిలో ఆగిన ఆ మొదటి విమానము మోసినవి కొన్ని ఉత్తరములు మాత్రమే. వాటిలో ప్రతి యొకదానికొరకు ఎవరో ఒకరు వాకిట కనిపెట్టుకొని యుండిరి. టాటా ఆ కనిపెట్టుకొనియున్నవానిని మరువలేదు. మీరును మరువకుందురు గాక యని మేము కోరుచున్నాము.